ఫైలులో తెలుగు అక్షరం: సి భాషా ప్రవాహాల నుండి యూటీఎఫ్-8 వరకు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

కంప్యూటరు ఫైలులో అక్షరాలు ఉండవు, సంఖ్యలు ఉంటాయి. సి భాషలో ఫైలు ప్రవాహంలోకి ‘అక్షరాన్ని’ రాసే ఎఫ్‌పుట్‌సీ అనే ప్రమేయం నిజానికి రాసేది ఒక బైటును మాత్రమే. ఏ సంఖ్య ఏ అక్షరమో చెప్పే ఒప్పందం ఫైలుకు వెలుపల ఉంటుంది. తెలుగు విషయంలో ఈ ఒప్పందం మూడు దశాబ్దాల్లో పలుమార్లు మారింది. రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలోని ‘సురంగల్’ అనే గ్రామనామాన్ని ఉదాహరణగా తీసుకొని, ఇస్కీ, ఆర్టీఎస్, ఫాంటు సంకేతాలు, యూనికోడ్ అనే నాలుగు దశల్లో తెలుగు అక్షరం ఫైలులోకి ఎలా చేరిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కంప్యూటరులోనే పుట్టిన తెలుగు రచనలను కూడా తాళపత్రప్రతుల మాదిరిగానే పరిష్కరణదృష్టితో చూడవలసిన అవసరాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సి భాష, ఫైలు ప్రవాహం, బైటు, ఇస్కీ, ఆర్టీఎస్, యూనికోడ్, యూటీఎఫ్-8, పాఠపరిష్కరణ, సురంగల్.

1. ప్రవేశిక:

ఒక ఊరి పేరు ఎన్ని చోట్ల, ఎన్ని లిపుల్లో నమోదవుతుందో గమనిస్తే రాతకూ చదువుకూ మధ్యనున్న ఒప్పందం ఎంత కీలకమో తెలుస్తుంది. చేవెళ్ల, మొయినాబాద్ పరిసరాల గ్రామాలు పూర్వపు హైదరాబాదు రాజ్యంలోనివి. 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో అక్కడ ఫారసీ స్థానంలో ఉర్దూ పాలనాభాష అయింది. ఉర్దూ లిపిలో హ్రస్వస్వరాలను సాధారణంగా రాయరు. ‘సురంగల్’ అని రాసినప్పుడు ‘సు’లోని ఉకారాన్ని చదివేవారే పూరించుకోవాలి. ఊరి పేరు ముందే తెలిసినవారికి అది సులభం. తెలియనివారికి ‘సరంగల్’, ‘సిరంగల్’ అనే పఠనాలు కూడా సాధ్యమే. కాగితం మీది రాత మారకపోయినా, చదివేవారి పూర్వజ్ఞానాన్ని బట్టి పేరు మారుతుంది.

1966 నాటి అధికార భాషా చట్టంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి లభించింది. 1998లో రిజిస్ట్రేషన్ శాఖ ‘కార్డ్’ పేరుతో తన కార్యాలయాలను కంప్యూటరీకరించడం మొదలుపెట్టింది. తెలంగాణ రాష్ట్రంలో 2020 అక్టోబరు 29న ‘ధరణి’ పోర్టల్ ప్రారంభమైంది. కాగితపు దస్త్రాలలోని ఊళ్లూ మనుషులూ ఈ క్రమంలో ఫైళ్లలోకి చేరారు. పత్రికలు, పుస్తకాలు, సిద్ధాంతగ్రంథాలు కూడా ఇంచుమించు ఇదే కాలంలో కంప్యూటరులో కూర్పుకు మారాయి. అందువల్ల ‘ఫైలులో తెలుగు అక్షరం ఏ రూపంలో ఉంది?’ అనే ప్రశ్న సాంకేతిక నిపుణులకు మాత్రమే పరిమితమైనది కాదు. సాహిత్య, చరిత్ర పరిశోధకుల మూలసామగ్రి ప్రామాణికతకు సంబంధించిన ప్రశ్న అది.

‘సురంగల్’ అనే పేరు వ్యుత్పత్తి ఈ వ్యాసపు విషయం కాదు. గుణింతం, నిండుసున్న, అకారాంత హల్లు, పదాంతంలో పొల్లు అనే నాలుగు రకాల తెలుగు రాతలూ ఈ చిన్న పేరులో ఉన్నందున ఉదాహరణగా తీసుకోవడమైనది.

2. సి భాషలో అక్షరం, ప్రవాహం:

సి భాషను 1970ల తొలినాళ్లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో డెనిస్ రిచీ రూపొందించారు. దీనికి ముందున్న ‘బి’ భాషలో వేర్వేరు దత్తాంశ రకాలు లేవు. ప్రతి విలువా యంత్రపు ఒక ‘పదం’ మాత్రమే. అప్పుడు కొత్తగా వచ్చిన పీడీపీ-11 యంత్రం జ్ఞాపకశక్తిని బైట్లవారీగా గుర్తించేది. దాని మీద బి భాషలో విడివిడి అక్షరాలతో పనిచేయడం ఇబ్బందికరమైంది. ‘చార్’ అనే ప్రత్యేక రకంతో కొత్త భాష ఏర్పడటానికి దారితీసిన కారణాల్లో ఇది ఒకటి. అంటే సి భాష పుట్టుకలోనే అక్షరాన్ని ఎలా పట్టుకోవాలనే సమస్య ఉంది. అయితే ఆ అక్షరం ఆంగ్లాక్షరం. 1963లో తొలిసారి వెలువడిన ఆస్కీ ప్రమాణంలోని 128 సంకేతాలకు ఒక్క బైటు ధారాళంగా సరిపోతుంది. దాంతో ‘అక్షరం’, ‘బైటు’ అనే రెండు భావాలు సి భాషలో ఒకే పేరుతో చలామణి అయ్యాయి.

ఫైళ్లలోకి రాయడానికి, వాటి నుండి చదవడానికి మైక్ లెస్క్ రాసిన ప్రమేయాల సంపుటి తరువాత సంస్కరణ పొంది ‘ప్రామాణిక ఇన్‌పుట్-అవుట్‌పుట్’ గ్రంథాలయంగా స్థిరపడింది. 1978లో కెర్నిఘన్, రిచీల గ్రంథం, 1979లో యూనిక్స్ ఏడవ కూర్పు, 1989లో అమెరికా జాతీయ ప్రమాణం, 1990లో అంతర్జాతీయ ప్రమాణం దీనిని ప్రపంచవ్యాప్తం చేశాయి. ఈ పద్ధతిలో ఫైలు ఒక ‘ప్రవాహం’. పుటలు, పంక్తులు, పేరాలు అనే విభజన యంత్రానికి లేదు. ఒకదాని వెంట ఒకటిగా సాగే బైట్ల వరుస మాత్రమే ఉంటుంది. ఆ వరుస చివరన మరొక బైటును చేర్చేది ఎఫ్‌పుట్‌సీ.

ఈ ప్రమేయం నిర్వచనంలోని ఒక వివరం మన చర్చకు ముఖ్యం. దానికి పూర్ణాంకాన్ని ఇస్తాం. అది ఆ పూర్ణాంకాన్ని 0 నుండి 255 లోపు విలువగా కుదించి ప్రవాహంలో ఉంచుతుంది. సఫలమైతే రాసిన విలువనూ, విఫలమైతే ఈఓఎఫ్ అనే రుణసంఖ్యనూ తిరిగి ఇస్తుంది. యూనికోడ్‌లో తెలుగు ‘క’ సంఖ్య 3093. ఆ సంఖ్యను నేరుగా ఎఫ్‌పుట్‌సీకి ఇస్తే, 256తో భాగించగా మిగిలే 21 మాత్రమే ఫైలులో పడుతుంది. దేవనాగరి ‘క’ సంఖ్య 2325. దానిని ఇచ్చినా పడేది 21. ప్రమేయం దోషాన్ని సూచించదు, పని సఫలమైనట్లే చెబుతుంది. ఆస్కీలో 21 అచ్చయ్యే అక్షరం కాదు. దూరముద్రణ యంత్రాల కాలంలో ‘సందేశం సరిగా అందలేదు’ అని అవతలివారికి తెలిపే నియంత్రణ సంకేతం అది. తెలుగు ‘క’ను ఇచ్చినప్పుడు ఫైలులో ఈ సంకేతం మిగలడం యాదృచ్ఛికమే అయినా, ఆనాటి ఏర్పాటులో తెలుగు స్థితిని అది సరిగానే సూచిస్తుంది.

కాబట్టి ఒక బైటు ఇరుకులో తెలుగును ఎలా ఇమడ్చాలన్నది తొలి సమస్య. ఈ సమస్యకు భారతదేశంలో ఒక పరిష్కారం, ప్రవాసాంధ్రుల మధ్య మరొకటి, ముద్రణాలయాల్లో ఇంకొకటి రూపుదిద్దుకున్నాయి.

3. ఇస్కీ – ఏడు బైట్ల పేరు:

కాన్పూరు ఐఐటీలో మొదలైన భారతీయ లిపుల సాంకేతిక కృషి తరువాత పుణెలోని సీ-డాక్ సంస్థకు చేరింది. ‘జిస్ట్’ అనే పేరుతో వచ్చిన కార్డును వ్యక్తిగత కంప్యూటరులో అమర్చితే తెరపై భారతీయ లిపులు కనిపించేవి. ఈ కృషికి ఆధారమైన సంకేతపట్టిక ఇస్కీ. 1988 కూర్పు తరువాత, భారతీయ ప్రమాణాల సంస్థ దీనిని 1991లో ఐఎస్ 13194 అనే జాతీయ ప్రమాణంగా ప్రకటించింది.

ఇస్కీ రూపకర్తలు ఆస్కీకి చెందిన మొదటి 128 స్థానాలను అలాగే ఉంచి, పై సగంలో భారతీయ వర్ణమాలను అమర్చారు. బ్రాహ్మీ నుండి పుట్టిన లిపులన్నింటికీ వర్ణక్రమం సమానం కాబట్టి అన్నింటికీ ఒకే పట్టిక సరిపోతుందన్నది వారి సూత్రం. ‘క’ ఏ లిపిలోనైనా 179. ఈ పద్ధతిలో సురంగల్ అనే పేరు ఏడు బైట్లవుతుంది: స 215, ఉత్వం 221, ర 207, సున్న 162, గ 181, ల 209, పొల్లు 232. ఏడుసార్లు ఎఫ్‌పుట్‌సీని పిలిస్తే పేరు ఫైలులో ఉంటుంది.

మన వ్యాకరణసంప్రదాయం వర్ణాన్ని చూసినట్లే ఇస్కీ కూడా చూసింది. ఒత్తుకు వేరే సంఖ్య లేదు. హల్లు, పొల్లు, హల్లు అనే వరుసే సంయుక్తాక్షరం. హల్లులోని అకారం రాయనవసరం లేదు. అకారం లేదని చెప్పడానికి పొల్లును రాయాలి. అక్షరాకారాన్ని గీయడం వేరే వ్యవస్థ బాధ్యత. వర్ణాన్నీ దాని ఆకారాన్నీ వేరుచేసిన ఈ నిర్ణయం ఇస్కీ చేసిన శాశ్వతమైన మేలు.

అయితే ఆ ఏడు సంఖ్యలు తెలుగువని ఎలా తెలుస్తుంది? దీనికి ముందుగా 239, 69 అనే రెండు బైట్లు రాయాలి. మొదటిది ‘లిపి మారుతోంది’ అనీ, రెండవది ‘ఇకపై తెలుగు’ అనీ చెబుతాయి. రెండవ బైటును మారిస్తే అవే ఏడు సంఖ్యలు దేవనాగరిలోనో కన్నడంలోనో కనిపిస్తాయి. బహుభాషా దేశానికి ఇది గొప్ప సౌకర్యం. దీనిలోనే బలహీనత కూడా ఉంది. ఫైలును ముక్కలు చేసినప్పుడు మొదటి రెండు బైట్లు తెగిపోతే మిగిలిన పాఠమంతా లిపి తెలియని వర్ణాల వరుసగా మిగులుతుంది. ముఖపత్రం పోయిన వ్రాతప్రతి స్థితి అది.

4. ఆర్టీఎస్ – ఆంగ్లాక్షరాల్లో తెలుగు:

1990ల ఆరంభంలో అమెరికాలోని తెలుగువారు యూజ్‌నెట్ చర్చావేదికల్లో కలుసుకునేవారు. నాటి ఈ-మెయిలు, వార్తావాహికల మార్గాల్లో చాలావరకు ఏడు బిట్ల ఆస్కీకి మాత్రమే భరోసా ఉండేది. ఎనిమిదో బిట్ దారిలో తొలగిపోవచ్చు. బైటు విలువ 128 దాటితే అది చెక్కుచెదరకుండా చేరుతుందనే నమ్మకం లేదు. అందువల్ల ఇస్కీ అక్కడ పనికిరాదు.

ఈ పరిస్థితిలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్‌లు రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతి ఆర్టీఎస్‌గా ప్రసిద్ధమైంది. ఆంగ్లాక్షరాల్లో రాసిన పాఠాన్ని తెలుగు లిపిలోకి మార్చడానికి ‘రిట్’ అనే ప్రోగ్రాము కూడా వారి కృషే. ఇందులో సురంగల్‌కు ఎనిమిది బైట్లు: 115, 117, 114, 97, 77, 103, 97, 108. ఇవి చిన్న ఎస్, యు, ఆర్, ఏ, పెద్ద ఎం, చిన్న జి, ఏ, ఎల్.

ఇస్కీ, ఆర్టీఎస్‌లను పక్కపక్కన పెడితే భాషాశాస్త్ర దృష్టితో ఒక ఆసక్తికరమైన భేదం కనిపిస్తుంది. ఇస్కీలో అకారానికి రాత లేదు, పొల్లుకు ఉంది. ఆర్టీఎస్‌లో అకారాన్ని రాయాలి, పొల్లును రాయనవసరం లేదు. ‘ర’లో, ‘గ’లో ఉన్న అకారాలకు రెండుసార్లు 97 పడింది, చివరి పొల్లుకు ఏమీ పడలేదు. మొదటిది లిపి దృష్టి, రెండవది ఉచ్చారణ దృష్టి. ఒకే పేరును రెండు దృష్టులతో విశ్లేషించి రెండు వేర్వేరు సంఖ్యావళులుగా భద్రపరచడం జరిగింది.

ఈ పద్ధతిలో పెద్దబడి, చిన్నబడి అక్షరాల భేదం అర్థభేదకం. నిండుసున్నను తెలిపేది పెద్ద ఎం (77). ఏదైనా ప్రోగ్రాము పాఠాన్నంతా చిన్నబడికి మారిస్తే 77 కాస్తా 109 అవుతుంది. ‘సురంగల్’ ‘సురమ్గల్’ అవుతుంది. ఆంగ్లానికి ఏ హానీ చేయని ఈ మార్పు తెలుగులో వర్ణాన్నే మార్చివేస్తుంది. అయినా ఆర్టీఎస్ దీర్ఘకాలం నిలిచింది. దాని పాత్ర మాత్రం మారింది. మొదట అది ఫైలులో నిలువ ఉండే రూపం. తరువాత అది మీటలు నొక్కే పద్ధతి. 2006లో వీవెన్ రూపొందించిన ‘లేఖిని’ వంటి పరికరాల్లో వాడుకరి ఇదే తరహా ఆంగ్లాక్షరాలు నొక్కుతాడు, ఫైలులో మాత్రం యూనికోడ్ తెలుగు పడుతుంది.

5. ఫాంటే సంకేతమైన కాలం:

ప్రచురణరంగం వేరే దారి పట్టింది. పేజ్‌మేకర్ వంటి కూర్పు సాఫ్ట్‌వేర్లకు భారతీయ వర్ణవ్యవస్థ తెలియదు. వాటికి తెలిసింది 256 స్థానాలున్న ఫాంటు మాత్రమే. ‘అను’, ‘శ్రీలిపి’ వంటి వ్యవస్థలు తెలుగు అక్షరాలను ముక్కలుగా విడదీసి ఆ స్థానాల్లో అమర్చాయి. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు మరొక ముక్క. సీసపు అచ్చుల కాలంలో కంపోజిటరు గళ్లపెట్టె నుండి ముక్కలు ఏరి అక్షరాన్ని పేర్చిన విధానమే ఇక్కడ కంప్యూటరులోకి వచ్చింది.

కాగితం మీద అచ్చు కావడమే లక్ష్యమైనంతవరకు ఈ విధానం సమర్థంగా పనిచేసింది. తెలుగు ప్రచురణను అందుబాటు ఖర్చులో సాధ్యం చేసిన ఘనత దీనిది. సమస్య ఫైలులో ఉంది. ఇక్కడ బైటు వర్ణాన్ని కాక ఆకారపు ముక్కను సూచిస్తుంది. ఆ ముక్క ఏదో ఆ ఫాంటుకు మాత్రమే తెలుసు. ఒక ఫాంటులో పొల్లుతో కూడిన ‘ల్’ ఆకారం ఉన్న స్థానంలో మరో ఫాంటులో పూర్తిగా వేరే ముక్క ఉండవచ్చు. ఫాంటును తొలగిస్తే తెరపై లాటిన్ అక్షరాలు, విరామచిహ్నాలు కలగలిసి కనిపిస్తాయి. ‘సురంగల్’ కోసం వెతికితే దొరకదు. అకారాది క్రమంలో పెట్టమంటే పెట్టలేదు.

సి భాషకు సంబంధించిన ఒక ప్రసిద్ధమైన పొరపాటు ఇటువంటి ఫైళ్లకు ప్రత్యేకంగా ప్రమాదకరం. ఫైలు నుండి బైటును చదివే ప్రమేయం, ఫైలు ముగిసినప్పుడు ఈఓఎఫ్ అనే రుణసంఖ్యను ఇస్తుంది. చాలా వ్యవస్థల్లో దాని విలువ -1. చదివిన విలువను పూర్ణాంకంలో కాక ‘చార్’ రకంలో నిలువచేస్తే, అనేక యంత్రాల్లో 255 అనే బైటు కూడా -1గానే కనిపిస్తుంది. అప్పుడు ప్రోగ్రాము ఫైలు అయిపోయిందనుకొని మధ్యలోనే ఆగుతుంది. ఆంగ్లపాఠంలో 255 రాదు కాబట్టి ఈ దోషం బయటపడదు. 255వ స్థానంలో అక్షరపు ముక్కను ఉంచుకున్న ఫాంటుతో కూర్చిన పాఠం మాత్రం ఆ ముక్క వచ్చిన చోట తెగిపోతుంది. వ్యాసం సగంలో ఆగినా, అసలే అంతవరకే ఉందనే భ్రమ కలుగుతుంది.

ఈనాడు, వార్త వంటి పత్రికల తొలినాటి వెబ్‌సైట్లు కూడా తమతమ ఫాంట్ల మీద ఆధారపడ్డాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి వెన్న నాగార్జున ‘పద్మ’ అనే సాధనాన్ని రూపొందించారు. ప్రతి ఫాంటుకూ ఒక ప్రత్యేక పట్టిక, ముక్కలను తిరిగి వర్ణక్రమంలో పేర్చే నియమాలు అందులోని సారం. ఆ పట్టికలను తయారుచేయడం ఒక అజ్ఞాత లిపిని చదవడానికి శాసనపరిశోధకులు చేసే పని వంటిదే. పట్టిక ఉన్నంతకాలమే ఆ కాలపు పాఠం తెలుగు పాఠంగా నిలుస్తుంది.

6. యూనికోడ్, యూటీఎఫ్-8:

ఇస్కీ జాతీయ ప్రమాణమైన 1991లోనే యూనికోడ్ తొలి కూర్పు వెలువడింది. భారతీయ లిపుల అమరికలో అది 1988 నాటి ఇస్కీ క్రమాన్ని అనుసరించింది. భేదమేమంటే ప్రతి లిపికీ విడి స్థలం ఇచ్చింది. తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు లభించాయి. లిపిని తెలిపే ముందుమాట అవసరం లేకుండా, సంఖ్యే ‘నేను తెలుగు క’ అని చెప్పగలిగింది.

అయితే ఆ సంఖ్యలు ఒక బైటులో పట్టవు. దీనికి సి భాషలో రెండు మార్గాలు ఏర్పడ్డాయి. మొదటిది ‘విశాలాక్షర’ మార్గం. 1995 నాటి సవరణ ద్వారా ప్రమాణంలోకి ఎఫ్‌పుట్‌డబ్ల్యుసీ వంటి ప్రమేయాలు చేరాయి. వీటికి 3093 అనే సంఖ్యను నేరుగా ఇవ్వవచ్చు. కాని ప్రోగ్రాము తన స్థానీయ వాతావరణాన్ని ముందుగా ప్రకటించకపోతే అప్రమేయంగా ఉండే వాతావరణంలో ఆ రాత విఫలం కావచ్చు. అదీగాక ఒక ప్రవాహం ఒకసారి బైట్ల ప్రవాహంగా గానీ విశాలాక్షర ప్రవాహంగా గానీ స్థిరపడితే రెండింటినీ అందులో కలపరాదు.

రెండవ మార్గం యూటీఎఫ్-8. కెన్ థామ్సన్, రాబ్ పైక్‌లు దీనిని 1992 సెప్టెంబరులో రూపొందించారు. థామ్సన్ బి భాషా సృష్టికర్త, యూనిక్స్ నిర్మాతల్లో ఒకరు. పాత ప్రవాహాలను మార్చకుండా కొత్త లిపులను వాటిలో ప్రవహింపజేయడం ఈ పద్ధతి విశిష్టత. ఆస్కీ అక్షరాలకు ఒక్క బైటే. తెలుగు వర్ణానికి మూడు బైట్లు. ‘క’ అంటే 224, 176, 149. ఆ బైట్లలో ఏదీ 128 కన్నా తక్కువ ఉండదు కాబట్టి ఆంగ్లాక్షరంగా పొరబడే వీలు లేదు. సి భాషలో మాట ముగింపును తెలిపే సున్నా కూడా మధ్యలో రాదు. ఈఓఎఫ్‌తో గందరగోళం కలిగించే 255 ఎన్నడూ రాదు. 1970లనాటి ఎఫ్‌పుట్‌సీ, ఒక్క అక్షరం మార్చకుండానే తెలుగును రాయగలిగింది. మూడుసార్లు పిలిస్తే ఒక వర్ణం.

సురంగల్‌లో ఏడు వర్ణసంకేతాలు, అంటే 21 బైట్లు: స 224, 176, 184, ఉత్వం 224, 177, 129, ర 224, 176, 176, సున్న 224, 176, 130, గ 224, 176, 151, ల 224, 176, 178, పొల్లు 224, 177, 141. ఇస్కీతో పోలిస్తే ఇది మూడు రెట్లు. ఆ అదనపు స్థలానికి ప్రతిఫలం ఉంది. ప్రతి తెలుగు వర్ణం 224తో మొదలై, రెండవ బైటుగా 176 గాని 177 గాని కలిగి ఉంటుంది. పక్కనే ఉన్న కన్నడానికి రెండవ బైటు 178 లేదా 179. అందువల్ల ఫైలులోని ఏ చిన్న ముక్క దొరికినా అది తెలుగో కన్నడమో చెప్పవచ్చు. డిస్కు నిండిపోయి మూడు బైట్లలో రెండే పడితే ఆ ఒక్క వర్ణమే పోతుంది. తరువాతి 224 దగ్గర చదువు మళ్లీ గాడిలో పడుతుంది.

2001లో విండోస్ ఎక్స్‌పీ ‘గౌతమి’ ఫాంటుతో తెలుగును చూపగలిగింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2008లో వచ్చిన యూనికోడ్ 5.1 కూర్పులో దంత్య చ, జలు (ౘ, ౙ), అవగ్రహం, పాతకాలపు లెక్కల్లోని తెలుగు భిన్నాంకాలు చేరాయి. 2014లో ఴ, 2015లో ౚ వంటి ప్రాచీన వర్ణాలకు కూడా చోటు దొరికింది. సంఖ్య లేని అక్షరాన్ని ఫైలులో రాయలేము గనుక, ఈ చేర్పులు జరిగిన తరువాతే శాసనపాఠాలు, పాత కవిలెల పాఠాలు ప్రామాణిక రూపంలో ఎక్కించడం సాధ్యమైంది.

రాయడం, చూపడం వేర్వేరు పనులని 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసింది. ‘జ్ఞా’ను, మధ్యలో కంటికి కనిపించని ఒక విభాజక సంకేతంతో కలిపి పంపితే ఐఫోన్లు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దానిని సరిచేసింది. ఆ వరుసలో ఐదు సంకేతాలు, 15 బైట్లు. ఫైలులో అవి నిర్దోషంగానే ఉన్నాయి. ఆకారం గీసే దశలో యంత్రం తప్పింది.

7. ఫైలు కూడా ఒక ప్రతి:

పై చరిత్ర పరిశోధకులకు చెప్పేది ఒక్కటే: ఒకే పేరు నాలుగు కాలాల్లో నాలుగు సంఖ్యావళులుగా నమోదైంది. ఏ సంఖ్యావళీ తనంతట తాను తెలుగు కాదు. తాళపత్రాన్ని పరిష్కరించేవారు లిపికాలాన్ని, లేఖకుని అలవాట్లను, ప్రతి శైథిల్యాన్ని గమనిస్తారు. 1990–2010 మధ్య కంప్యూటరులో కూర్చిన తెలుగు పాఠాలకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది.

మొదటి పని సంకేతాన్ని గుర్తించడం. 224, 176 లేదా 177 పదేపదే కనిపిస్తే అది యూటీఎఫ్-8 తెలుగు. ఫైలు 239, 69తో మొదలైతే ఇస్కీ తెలుగు కావచ్చు. కొన్ని సాఫ్ట్‌వేర్లు యూటీఎఫ్-8 ఫైలు మొదట గుర్తుగా 239, 187, 191 రాస్తాయి. రెండింటి మొదటి బైటూ 239 కావడం వల్ల, తరువాతి బైట్లు చూడకుండా నిర్ణయించరాదు. అన్ని బైట్లూ 128 కన్నా తక్కువగా ఉండి, పదాల మధ్యలో పెద్దబడి అక్షరాలు కనిపిస్తే ఆర్టీఎస్‌ను పరీక్షించాలి. ఇవేవీ కాకుండా పై సగం బైట్లు విరివిగా ఉంటే ఏదో ఒక ఫాంటు సంకేతమని ఊహించి, ఆ ఫాంటు పేరును ఫైలు వివరాల నుండి గానీ ముద్రితప్రతి నుండి గానీ నిర్ధారించుకోవాలి.

రెండవ పని మూలఫైలును మార్చకుండా ఉంచడం. యూనికోడ్‌లోకి మార్చిన పాఠం ఒక పుత్రికాప్రతి. మాతృక పాత బైట్లే. మార్పిడి పట్టికలో ఒక్క ఒత్తు తప్పుగా ఉంటే ఆ తప్పు పాఠమంతటా ఒకే విధంగా పునరావృతమవుతుంది. దానిని రచయిత ప్రయోగంగానో మాండలిక విశేషంగానో పొరబడే ప్రమాదం ఉంది. మాతృక మిగిలి ఉంటేనే దిద్దుబాటు సాధ్యం.

మూడవ పని మన సిద్ధాంతగ్రంథాలకు సంబంధించినది. ఫాంటు సంకేతాలతో కూర్చిన గ్రంథాన్ని పీడీఎఫ్‌గా మార్చితే కంటికి తెలుగు కనిపిస్తుంది. వెతికితే దొరకదు, ఉల్లేఖనను నకలు చేస్తే అర్థం లేని అక్షరాలు వస్తాయి. విశ్వవిద్యాలయాలు పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ పాఠాన్ని, లేదా కనీసం మూలఫైలును, ఫాంటు పేరును స్వీకరించి భద్రపరిస్తే తరువాతి తరం పరిశోధకుల శ్రమ తగ్గుతుంది.

8. ముగింపు:

సి భాషలోని ఎఫ్‌పుట్‌సీకి తెలుగు తెలియదు, ఆంగ్లమూ తెలియదు. దానికి తెలిసింది 0 నుండి 255 లోపు ఒక సంఖ్యను వరుస చివరన చేర్చడమే. ఇస్కీ ఆ సంఖ్యకు వర్ణాన్ని ముడివేసింది. ఆర్టీఎస్ ఉచ్చారణను ముడివేసింది. ఫాంట్లు ఆకారాన్ని ముడివేశాయి. యూనికోడ్, యూటీఎఫ్-8లు వర్ణాన్నీ లిపినీ కలిపి ముడివేసి, ఆ ముడిని ప్రపంచమంతటికీ ఉమ్మడి చేశాయి. మొదటి మూడింటిలో పాఠం బతకడానికి అదనంగా మరొకటి కావలసివచ్చింది: లిపిసూచక బైట్లు, మార్పిడి ప్రోగ్రాము, లేదా ఫలానా ఫాంటు. అది పోతే పాఠం పోయినట్లే.

‘అక్షరం’ అనే మాటకు నశించనిది అని అర్థం. ఫైలులో నశించకుండా ఉండేది బైటు. అక్షరం నిలవడం ఒప్పందాన్ని గుర్తుంచుకునే సమాజం మీద ఆధారపడి ఉంటుంది. హ్రస్వస్వరం రాయని దస్త్రంలో ‘సురంగల్’ను సరిగా చదవగలిగింది ఆ ఊరిని ఎరిగినవారు. పాత ఫాంటు ఫైళ్ల విషయంలో అటువంటి ఎరుక గలవారు, వాటిని కూర్చిన డీటీపీ ఆపరేటర్లు, నాటి సంపాదకులు, ఇంకా మన మధ్యే ఉన్నారు. వారి సహాయంతో ఫాంటు పట్టికలను సేకరించి, ఫైళ్లను యథాతథంగా భద్రపరచి, పరిష్కృత యూనికోడ్ పాఠాలను సిద్ధం చేయడం తెలుగు శాఖలు, కంప్యూటరు శాస్త్ర శాఖలు కలిసి చేపట్టదగిన పరిశోధన. ఆలస్యమైన కొద్దీ ఈ పని శాసనాలు చదివినంత కష్టమవుతుంది.